ఇంగ్లీషు చెప్పడానికి దేశం దాటేముందు

వేరే దేశం వెళ్లి, జీతం ఆశించకుండా పిల్లలకి ఇంగ్లీషు చెప్పే మనిషి అనగానే మన కళ్ల ముందు ఒక తెల్లదొరో దొరసానో నిలబడతారు. ఉత్తరాంధ్రలో గరివిడి, చీపురుపల్లి వైపు ఇంగ్లీషులో ఎమ్మే చేసి, బీఈడీ ముగించి, డీఎస్సీకి చదువుకుంటున్న పిల్లలకి ఆ స్థానంలో తమని ఊహించుకోవడం కష్టమే. అయినా ఊహించుకుంటున్నారు. నేపాల్లోనో కంబోడియాలోనో ఇథియోపియాలోనో ఒక ఏడాది బడిపిల్లలకి పాఠాలు చెప్పి రావాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లు ఇప్పుడు మన మధ్య ఉన్నారు. 2025 మెగా డీఎస్సీలో పడిన పోస్టులు 16,347. దరఖాస్తు చేసినవాళ్లు లక్షల్లో. ఉద్యోగం వచ్చేలోగా లోకం చూసి, నలుగురికి పనికొచ్చే పని చేద్దామనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఈ పనికి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అందులో మంచి ఎంతో, చెడు ఎంతో చాలావరకు మన ఉత్తరాంధ్ర నేల మీదే తేలింది. ముందు అది తెలుసుకుని బయలుదేరడం మేలు.

లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నంలో దిగారు. వచ్చీ రాగానే తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు, బడులు పెట్టారు, ఆనందరాయర్ సాయంతో బైబిలు తెలుగు అనువాదానికి పూనుకున్నారు. ఐదేళ్లు గడిచేసరికి ఇద్దరూ చనిపోయారు. ఆ శతాబ్దం చివరి భాగంలో కెనడా బాప్టిస్టులు భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం, పాలకొండ, పర్లాకిమిడి దాకా విస్తరించారు. వాళ్లు వచ్చింది మతం కోసం. చదువు, వైద్యం దానికి తోడుగా వచ్చాయి. ఆ బడుల్లో అక్షరం దక్కినవాళ్లలో ఊరి బడి గడప తొక్కనివ్వని కులాలవాళ్లు ఎందరో ఉన్నారు, కాబట్టి ఆ మేలుని తక్కువ చేయలేం. కానీ దూరం నుంచి వచ్చిన పంతులు సంచిలో పాఠంతోపాటు ఇంకేం ఉందో చూడాలన్న ఎరుక కూడా మనకి అప్పుడే కలిగింది. ఈ రోజు గరివిడి నుంచి వెళ్లే మనిషి సంచిని కూడా అవతలి ఊరివాళ్లు అలాగే చూస్తారు, చూడాలి కూడా.

ఇక్కడ ఇంగ్లీషు వేళ్లూనుకున్నది మాత్రం బయటి నుంచి వచ్చినవాళ్ల వల్ల కాదు. విజయనగరం రాజులు 1857లో పెట్టిన ఇంగ్లీషు బడి 1879కి మహారాజా కళాశాల అయింది. గురజాడ అప్పారావు అక్కడే చదివారు, అక్కడే పాఠాలు చెప్పారు. ఇంగ్లీషుని కష్టపడి నేర్చుకున్న తెలుగువాళ్లు తరవాతి తెలుగువాళ్లకి నేర్పారు. ఒక భాష ఒక ప్రాంతంలో నిలబడాలంటే ఆ ప్రాంతపు టీచర్లే దాన్ని మోయాలి. స్వచ్ఛంద బోధన మీద ఏ దేశంలో ఎంత చర్చ జరిగినా చివరికి తేలింది ఇదే.

ఈ విషయంలో నాకు అందరికంటే పెద్ద ఉదాహరణ గిడుగు రామమూర్తి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడి రాజావారి బడిలో టీచరుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో ఉన్న సవరల భాష ఆయనకి రాదు. దాన్ని నేర్చుకోవడానికి ఏళ్లు పెట్టారు. ఇంట్లో సవర మనిషికి చోటిచ్చి, అన్నం పెట్టి, ఆ మనిషి నోట విని నేర్చుకున్నారు. తరవాత ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేసి పారితోషికం ఎంత కావాలని అడిగితే, ఆ డబ్బుతో సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పే బడి పెట్టమన్నారు. ఆయన సముద్రం దాటలేదు, ఇంగ్లీషు నేర్పడానికి వెళ్లలేదు. అయినా స్వచ్ఛంద టీచరు చేయాల్సిన పనులు వరసలో చేసి చూపించారు: ముందు వాళ్ల భాష, తరవాత పుస్తకం, తరవాత బడి. నేటి వాలంటీరు సంస్థల్లో చాలావాటికి ఈ వరస తిరగబడి ఉంటుంది.

అదే కాలంలో ఇంకోటి జరిగింది. 1907లో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఉత్తర సర్కారు జిల్లాలకి స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుంటుంటే జనం మాట్లాడే తెలుగుకీ పుస్తకాల్లో తెలుగుకీ పొంతన కుదరలేదు. ఎందుకని అడిగాడు. గురజాడ, గిడుగు, విశాఖ ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, యేట్స్ కలిసి తెలుగు బోధనలో తెచ్చిన కదలిక వాడుక భాషా ఉద్యమానికి ఊతమైంది. బయటివాడు చేసిన మేలు ఇక్కడ ఒక ప్రశ్న. జవాబు మనవాళ్లు వెతుక్కున్నారు. విదేశం వెళ్లే టీచరు ఇంతకంటే గొప్ప సేవ చేస్తానని అనుకోనక్కర్లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పని ప్రభుత్వాల చేతికి వెళ్లింది. బ్రిటన్‌లో అలెక్ డిక్సన్ 1958లో వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్ మొదలుపెట్టాడు. మొదట పంపింది అప్పుడే స్కూలు ముగించిన కుర్రాళ్లని. అమెరికాలో కెనెడీ 1961 మార్చిలో పీస్ కోర్ స్థాపించాడు. ఘనాకి వెళ్లిన తొలి బృందం టీచర్లదే. మన దేశంలో పీస్ కోర్ 1961 నుంచి 1976 దాకా ఉంది. ఇక్కడ వాళ్ల పని ఎక్కువగా వ్యవసాయం, కోళ్ల పెంపకం, పోషకాహారం. పీస్ కోర్ పద్ధతిలో అందరూ నేర్చుకోదగ్గ విషయం ఒకటి ఉంది. వాళ్ల కాలపరిమితి 27 నెలలు, అందులో దాదాపు మొదటి మూడు నెలలు శిక్షణ. ఆ శిక్షణలో పెద్దభాగం స్థానిక భాష. బ్రిటిష్ సంస్థ కూడా అనుభవం మీద దారి మార్చుకుంది. స్కూలు ముగించిన కుర్రాళ్లని మానేసి అనుభవం ఉన్నవాళ్లని తీసుకోవడం, పిల్లలకి నేరుగా పాఠాలు చెప్పించడం తగ్గించి స్థానిక టీచర్లకి తోడుగా నిలపడం మొదలుపెట్టింది. వాలంటీరు వెళ్లిపోయాక మిగిలేది ఆ టీచరే.

వీటిలో చాలా తలుపులు మన పాస్‌పోర్టుకి తెరుచుకోవు. పీస్ కోర్ అమెరికా పౌరులకే. కొరియా తన ప్రభుత్వ బడుల్లోకి ఇంగ్లీషు టీచర్లని ఏడు దేశాల నుంచే తీసుకుంటూ వచ్చింది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా. 2010 జనవరి నుంచి అమలైన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం వల్ల, డిగ్రీ, టీచరు అర్హత ఉన్న భారతీయులకి కూడా సహాయ ఇంగ్లీషు టీచరుగా వెళ్లే వీలు కాగితం మీద వచ్చింది. మన జిల్లాల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు అరుదు. ఆ ఏడు దేశాల జాబితా వెనక ఉన్న నమ్మకం, ఇంగ్లీషు ఎవరి ఇంటి భాషో వాళ్లే మంచి టీచర్లని. రాబర్ట్ ఫిలిప్సన్ 1992లోనే ఈ నమ్మకానికి ఆధారం లేదని పుస్తకం రాశాడు. ఇంగ్లీషు లోకాన్ని మూడు వలయాలుగా చూపిన బ్రజ్ కచ్రూ, మన దేశాన్ని రెండో వలయంలో పెట్టాడు; అంటే ఇంగ్లీషు ఇంటి భాష కాకపోయినా సొంతం చేసుకుని వాడుతున్న దేశం.

నా వాదన ఇంకాస్త ముందుకి వెళ్తుంది. ఇంగ్లీషుని తెలుగు మీడియంలోంచి, కష్టపడి, ఆలస్యంగా నేర్చుకోవడమే గరివిడి టీచరుకి ఉన్న పెద్ద అర్హత. దాన్ని దాచుకోకూడదు.

కారణం చెబుతాను. తెలుగులో క్రియ చివర వస్తుంది. "బల్ల మీద" అన్నప్పుడు "మీద" బల్ల తరవాత వస్తుంది. ఇంగ్లీషులో అది ముందుకి పోతుంది, క్రియ మధ్యకి వస్తుంది. నేపాలీ, జపనీస్, కొరియన్ ఈ రెండు విషయాల్లోనూ తెలుగులాంటివే. ఆ పిల్లలు వాక్యం కట్టేటప్పుడు ఎక్కడ ఆగిపోతారో తెలుగు టీచరుకి ఒంటికి తెలుసు, తనూ అక్కడే ఆగాడు కాబట్టి. తెలుగులో "ఎ", "ద" లాంటి ముక్కలు లేవు. జపనీస్, కొరియన్లలోనూ లేవు. ఏది ఎక్కడ పెట్టాలో లండన్‌లో పుట్టినవాడు ఎప్పుడూ ఆలోచించి ఉండడు. అడిగితే "అలాగే అంటాం" అంటాడు. మన టీచరు హైస్కూల్లో దానికోసం తిట్లు తిని నేర్చుకున్నాడు, నియమం చెప్పగలడు, ఆ నియమం ఎక్కడ విఫలమవుతుందో కూడా చెప్పగలడు.

ఉచ్చారణలో మాత్రం జాగ్రత్త కావాలి, ఎందుకంటే అక్కడ మన అలవాట్లు వాళ్లకి సాయం చేయకపోవచ్చు. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి మన పిల్లలు బస్సు, బుక్కు, రోడ్డు అని చివర ఒక అచ్చు చేరుస్తారు. థాయ్, వియత్నామీ పిల్లలు దీనికి ఎదురు. చివరి హల్లు మింగేస్తారు. లైక్, లైట్, లైఫ్ మూడూ వాళ్ల నోట దాదాపు ఒక్కలాగే వినిపిస్తాయి. మన అలవాటుతో వెళ్లిన టీచరు ఈ తేడా గమనించకపోతే, తప్పు ఎక్కడుందో తెలియకుండానే నెలలు గడిచిపోతాయి. ఇంగ్లీషు మాటలో ఏ అక్షరం మీద బరువు పడాలన్నది కూడా మనకి సహజంగా రాదు. ఫోనులో సొంత గొంతు రికార్డు చేసుకుని, నిఘంటువులోని ఆడియోతో పోల్చి చూసుకోవడం రోజూ చేయాల్సిన పని. మన దేశంలో చెల్లే మాటలు కొన్ని బయట చెల్లవు. "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే మనకి ప్రశ్న ఉందని. ఇంకో దేశంలో నీ మాట నమ్మడం లేదని అర్థం చేసుకుంటారు. కాలేజీ నుంచి పాసౌట్ అయ్యానంటే మూర్ఛపోయానని వినిపిస్తుంది. ఇలాంటివి నోటుబుక్కులో ఒక పేజీ రాసి పెట్టుకుంటే చాలు.

సర్టిఫికెట్ల సంగతి త్వరగా ముగిస్తాను. కేంబ్రిడ్జి వాళ్ల సెల్టాకి ప్రపంచమంతా గౌరవం ఉంది. 120 గంటల కోర్సు, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థుల ముందు పాఠం చెప్పి పరిశీలకుడి చేత దిద్దించుకోవాలి. ఖర్చు లక్ష రూపాయలు దాటుతుంది. వారాంతంలో ముగిసే ఆన్‌లైన్ కోర్సుల కాగితానికి, క్లాసు ముందు నిలబడని శిక్షణకి విలువ తక్కువ. బీఈడీలో బడికి వెళ్లి నిజంగా పాఠాలు చెప్పి ఉంటే ఆ బోధనాభ్యాసం వాటికంటే మేలు. పైగా సెల్టా పద్ధతులు ఎక్కువగా డజను మంది పెద్దవాళ్లు ఉండే గదిని దృష్టిలో పెట్టుకున్నవి. అరవై మంది పిల్లలు, ఒక నల్లబల్ల ఉన్న గది ఎలా నడపాలో ఆ కోర్సు చెప్పదు.

చెప్పినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు ప్రాంతాల మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణం వరసగా చెప్పకుండా, పిల్లల చేత ఇంగ్లీషులో చిన్న సమస్యలు సాధింపజేశారు. రైళ్ల టైం టేబుల్, ఊరి పటం, దూరాల లెక్క అందులో పాఠాలు. బెంగళూరు ప్రాజెక్టు అని ఇప్పుడు ప్రపంచంలో ఇంగ్లీషు టీచర్లకి శిక్షణ ఇచ్చే చోట్ల దీని గురించి చదువుతారు. గరివిడి స్టేషన్‌లో రైళ్ల పట్టిక ముందు నిలబడి, విజయనగరంలో పదింటికి ఉండాలంటే ఏ రైలు ఎక్కాలి అని పిల్లల్ని ఇంగ్లీషులో అడిగితే అది పూర్తి పాఠం. సామాను అక్కర్లేదు. ఏ దేశంలోనైనా ఒక బస్టాండు ఉంటుంది.

హైదరాబాదులో 1958లో పుట్టిన ఇంగ్లీషు కేంద్ర సంస్థ తరవాత సీఫెల్ అయింది, 2007 నుంచి ఇఫ్లూ విశ్వవిద్యాలయం. భారత ప్రభుత్వ ఐటెక్ పథకం కింద వేరే దేశాల టీచర్లు ఇక్కడికి వచ్చి ఇంగ్లీషు బోధన నేర్చుకుంటారు. కంబోడియా, లావోస్, మయన్మార్, వియత్నాంలలో మన దేశం పెట్టిన ఇంగ్లీషు శిక్షణ కేంద్రాలకి కూడా ఈ సంస్థ అండ ఉంది. ఇథియోపియా, ఎరిత్రియా విశ్వవిద్యాలయాల్లో, మాల్దీవుల బడుల్లో మన తెలుగు అధ్యాపకులు జీతం మీద పనిచేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. అంటే తెలుగు టీచరు బయటి దేశపు పిల్లల ముందు నిలబడడం కొత్త కాదు. జీతం లేకుండా వెళ్లే దారే ఇంకా సరిగా పడలేదు. దానికి దగ్గరి పోలిక అమెరికాలోని మనబడి. సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన ఈ బడుల్లో వారాంతాల్లో తెలుగు చెప్పేది ఇతర ఉద్యోగాలు చేసుకునే తల్లిదండ్రులే. ఉత్సాహం ఒక్కటే చాలదని వాళ్లకి తెలుసు. అందుకే పాఠ్యక్రమం, పుస్తకాలు, టీచర్లకి శిక్షణ ఏర్పాటు చేసుకున్నారు.

చెడు వైపు చూద్దాం. స్వచ్ఛంద సేవ ఇప్పుడు ఒక వ్యాపారం కూడా. వారాల లెక్కన డాలర్లలో ఫీజు కట్టించుకుని, రెండు వారాలు బడిలో నిలబెట్టి, మధ్యలో గుళ్లూ సముద్రాలూ తిప్పి పంపే కంపెనీలు ఉన్నాయి. రెండు వారాల్లో ఏ పిల్లాడూ ఇంగ్లీషు నేర్చుకోడు. ఒకరి తరవాత ఒకరు కొత్త మనిషి వస్తుంటే ప్రతివాడూ "వాట్ ఈజ్ యువర్ నేమ్" దగ్గరే మొదలుపెడతాడు. కంబోడియాలో, నేపాల్లో ఇంతకంటే ఘోరం జరిగింది. సందర్శకుల విరాళాల కోసం అనాథాశ్రమాలు పెరిగాయి. వాటిలో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ బయటపెట్టింది. ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన వాలంటీర్లు తెలియకుండానే ఆ వ్యాపారానికి గిరాకీ అయ్యారు. అనాథాశ్రమంలో ఇంగ్లీషు చెప్పమని ఏ సంస్థ పిలిచినా వెళ్లకూడదని నేను గట్టిగా చెబుతాను. పిల్లలు సాయంత్రం ఇంటికి వెళ్లే బడినే ఎంచుకోవాలి.

మన ప్రాంతానికి ఇంకో ప్రమాదం ఉంది. ఉద్దానం నుంచి విజయనగరం దాకా వలస మన బతుకులో భాగం, దళారీలూ అలాగే. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా ముఠా, డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లని తీసుకెళ్లి సైబర్ మోసాల గదుల్లో బంధించింది. ఇంగ్లీషు వచ్చిన పిల్లలే ఆ ముఠాలకి కావాలి. "ఇంగ్లీషు టీచరు వాలంటీరు, టికెట్ మాదే, పాస్‌పోర్టు ఇవ్వండి" అని ఫోను వస్తే అదే వల అనుకోవాలి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సు లేనివాడు ఉద్యోగానికి మనుషుల్ని బయటికి పంపడం నేరం. ఈ-మైగ్రేట్ సైటులో లైసెన్సు నంబరు సరిచూసుకోవచ్చు. టూరిస్టు వీసా మీద వెళ్లి బడిలో పాఠాలు చెప్పడం, జీతం తీసుకోకపోయినా, చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. ఈ ఇబ్బందులు తక్కువగా ఉన్న దేశం నేపాల్. 1950 సంధి వల్ల అక్కడ ఉండడానికి భారతీయులకి వీసా అక్కర్లేదు. అక్కడి సామాజిక బడులు ఇంగ్లీషు మీడియంలోకి మారుతూ టీచర్ల కొరతతో ఇబ్బంది పడుతున్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను సూచించేది అదే.

అంతకంటే ముందు మన్యం. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా గరివిడికి పూట ప్రయాణం. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల పరిధిలోని బడుల్లో సవర, కువి మాట్లాడే పిల్లలకి తెలుగు రెండో భాష, ఇంగ్లీషు మూడోది. 2004లో రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా బోధన మొదలుపెట్టింది. తరవాత 2019లో ఇంగ్లీషు మీడియం తప్పనిసరి చేసే ఉత్తర్వు, 2020లో హైకోర్టు దాన్ని కొట్టివేయడం, ఒక పేజీ తెలుగు ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు రావడం అందరికీ తెలిసినవే. ఈ గందరగోళమంతా పడింది ఆ కొండ పిల్లల మీద. వాళ్లకి ఇంగ్లీషు కావాలి, తల్లిదండ్రులూ కోరుతున్నారు. తనకి రాని భాష మాట్లాడే పిల్లాడికి ఇంకో భాష నేర్పడం ఎంత కష్టమో అక్కడ తెలుస్తుంది. కేంద్రం 2021లో కొత్త రూపంలో తెచ్చిన విద్యాంజలి పోర్టల్లో పేరు నమోదు చేసుకుని ప్రభుత్వ బడిలో సేవ చేయవచ్చు. ఆశ్రమ పాఠశాల అయితే గిరిజన సంక్షేమ శాఖ అనుమతి కూడా తీసుకోవాలి. విదేశానికి మెట్టుగా మాత్రమే అక్కడికి వెళ్తే ఆ పిల్లలకి అన్యాయం చేసినట్టే. జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి ఏప్రిల్ దాకా ఒక పూర్తి సంవత్సరం ఉండాలి. ఐదో తరగతి పిల్లలు ఏప్రిల్‌కి తమ ఊరి గురించి ఇంగ్లీషులో పది వాక్యాలు సొంతంగా చెబితే ఆ ఏడాది ఫలించినట్టే.

అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన ఆర్డీటీ అనే సేవాసంస్థ ఇంకో పాఠం చెబుతుంది. అక్కడ పల్లె యువతకి స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పే బడి ఉంది. ఆ ఊళ్లో నేర్పేవాళ్లు అరుదుగా దొరికే భాషలవి. బయటి మనిషి అవసరం అక్కడ నిజం. ఇంగ్లీషు బీఈడీలు పని లేక కూర్చున్న ఊరికి ఇంగ్లీషు చెప్పడానికి విదేశీ వాలంటీరు వస్తే స్థానిక టీచరు పొట్ట కొట్టినట్టవుతుంది. మనం వెళ్లే ఊళ్లోనూ అదే లెక్క.

కాబట్టి విదేశీ బడికి రాసే మొదటి ఉత్తరంలో ఫోటోలు, ఆశయాలు కాకుండా ప్రశ్నలు ఉండాలి. మీ ఇంగ్లీషు టీచరు ఎవరు? నేను ఆ క్లాసులో కూర్చుంటానా, లేక ఆ టీచరు స్థానంలో నిలబడతానా? ఏ పుస్తకం చెబుతున్నారు, ఏ పాఠం దాకా వచ్చారు? గదిలో ఎంతమంది? పరీక్ష ఎప్పుడు? నేను పాఠాలు మొదలుపెట్టే నెలరోజుల ముందు మీ భాష నేర్పడానికి ఎవరైనా ఉన్నారా? నేను వెళ్లిపోయాక ఎవరు కొనసాగిస్తారు? వీటికి పుస్తకం పేరుతో, టీచరు పేరుతో, తేదీలతో జవాబు వస్తే ఇంట్లో చెప్పి టికెట్టు కొనుక్కోవచ్చు. పిల్లలు మీకోసం ఎదురుచూస్తున్నారు, ఎప్పుడు వచ్చినా సరే అని మాత్రమే రాస్తే ఇంకో బడికి ఉత్తరం రాయాలి.